హైదరాబాద్‌లో స్టూడెంట్ ప్రయాణాలు: గది వెతుక్కోవడం నుంచి పండక్కి ఊరెళ్లడం దాకా

హైదరాబాద్‌లో సీటొచ్చిందనగానే ఇంట్లో ఫీజు గురించి, హాస్టల్ గురించి, తిండి గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. రోజూ కాలేజీకి ఎలా వెళ్లి రావాలన్నది మాత్రం క్లాసులు మొదలయ్యాక గానీ ఎవరికీ తట్టదు. అప్పటికే గదికి అడ్వాన్స్ కట్టేసి ఉంటారు కాబట్టి చేసేదేమీ ఉండదు. అందుకే ఈ మార్గదర్శిని బస్సుతోనో మెట్రోతోనో కాకుండా గదితో మొదలుపెడుతున్నాను.

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. ఈ నగరంలో పెద్ద దూరాలు చౌక, చిన్న దూరాలే ఖరీదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా దాదాపు 29 కిలోమీటర్లు. మెట్రోలో ఏసీలో కూర్చుని 70 రూపాయల లోపే వెళ్లిపోవచ్చు. అదే రాయదుర్గంలో దిగి గచ్చిబౌలి లోపలికి నాలుగైదు కిలోమీటర్లు పోదామంటే సాయంత్రం పూట ఆటోవాలా వంద పైనే అడుగుతాడు. నెలాఖరుకి జేబు ఖాళీ అయ్యేది ఇలాంటి చిన్న ముక్కల దగ్గరే.

గదికన్నా ముందు లైను చూసుకోండి

కాగితం తీసుకుని మెట్రో మూడు లైన్లూ గీసుకోండి. రెడ్ లైన్ మియాపూర్ నుంచి కూకట్‌పల్లి, అమీర్‌పేట, నాంపల్లి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ వెళ్తుంది. బ్లూ లైన్ నాగోల్ నుంచి ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, అమీర్‌పేట, మాదాపూర్ మీదుగా రాయదుర్గం చేరుతుంది. గ్రీన్ లైన్ చిన్నది, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి మీదుగా ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా. రెడ్, బ్లూ కలిసేది అమీర్‌పేటలో, రెడ్, గ్రీన్ కలిసేది ఎంజీబీఎస్‌లో, బ్లూ, గ్రీన్ కలిసేది పరేడ్ గ్రౌండ్ దగ్గర. ఇప్పుడు మీ కాలేజీ ఎక్కడుందో అదే కాగితం మీద చుక్క పెట్టండి.

జేఎన్టీయూ అయితే మీ అదృష్టం. కాలేజీ పేరుతోనే రెడ్ లైన్‌లో స్టేషన్ ఉంది. గది కూకట్‌పల్లిలోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు, అదే లైన్‌లో ఎర్రగడ్డ, ఎస్సార్‌నగర్ వైపు కూడా చూడొచ్చు.

ఉస్మానియా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1918లో పెట్టిన ఈ యూనివర్సిటీ క్యాంపస్సే ఒక ఊరంత ఉంటుంది. తార్నాక మెట్రోలో దిగితే యూనివర్సిటీకి వచ్చినట్టే గానీ ఆర్ట్స్ కాలేజీకి వచ్చినట్టు కాదు, లోపలికి చాలా దూరం నడవాలి. ఎండాకాలం పదకొండు గంటలకి ఆ నడక ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకే తెలుసు. అందుకే మీ డిపార్ట్‌మెంట్ క్యాంపస్‌లో ఏ మూల ఉందో కనుక్కున్నాకే గది చూడండి. ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా పేర్లతో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్లు ఉన్నాయి. గది విద్యానగర్, నల్లకుంట వైపు ఉంటే అటు గేటు దగ్గరవుతుంది. ఇఫ్లూకి (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) వెళ్లేవాళ్లకి తార్నాకే సరి.

హెచ్‌సీయూ (సెంట్రల్ యూనివర్సిటీ), మనూ (ఉర్దూ యూనివర్సిటీ), ట్రిపుల్ ఐటీ ఉన్న గచ్చిబౌలి వైపు మెట్రో లేదు. రాయదుర్గంతోనే ఆగిపోతుంది. మెట్రో దగ్గర కదా అని మాదాపూర్‌లో ఎక్కువ అద్దెకి గది తీసుకుంటే, అద్దే కాకుండా రోజూ ఆటో ఖర్చు కూడా మీద పడుతుంది. అంతకన్నా మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి మీదుగా లింగంపల్లి వైపు పోయే 216, 217 బస్సుల దారిలో గది చూసుకోవడం మంచిది. లింగంపల్లి, చందానగర్ వైపు ఉంటే అద్దె తక్కువ, రైలు సౌకర్యం కూడా ఉంది.

కంది దగ్గరున్న ఐఐటీకో, శామీర్‌పేట వైపున్న బిట్స్, నల్సార్‌కో వచ్చినవాళ్లు క్యాంపస్‌లోనే ఉంటారు కాబట్టి రోజూ తిరిగే బాధ లేదు. సిటీకి రావాలంటే కంది నుంచి పటాన్‌చెరు మీదుగా, శామీర్‌పేట నుంచి జేబీఎస్ మీదుగా. ఈ రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలు.

గది ఓకే చేసేముందు ఒక పని తప్పకుండా చేయండి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద కాకుండా మామూలు వారంలో పొద్దున ఎనిమిదిన్నరకి ఆ ఇంటి గుమ్మం నుంచి బయల్దేరి క్లాసు తలుపు దాకా వెళ్లి చూడండి. మ్యాప్ ఇరవై నిమిషాలంటుంది. అందులో స్టాపులో నిలబడే టైమ్, స్టేషన్ మెట్లు, సెక్యూరిటీ చెకింగ్ లైను ఉండవు. ఓనర్ ‘నడిస్తే ఐదు నిమిషాలే’ అన్న దూరాన్ని మీరే నడిచి చూడండి.

బస్సు ఎక్కడం

హైదరాబాద్ బస్సు నంబరు మొదట్లో తికమక పెడుతుంది. అంకె ఒక్కటే చూసి ఎక్కొద్దు, పక్కనున్న అక్షరం కూడా చూడాలి. 218 అంటే కోఠి, పటాన్‌చెరు. అదే 218డి అయితే దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చేది. 10హెచ్ సికింద్రాబాద్ నుంచి కొండాపూర్, 127కె కోఠి నుంచి కొండాపూర్. రెండూ ఒకే చోటికి చేరతాయి గానీ వచ్చే దారులు వేరు. 219 సికింద్రాబాద్, పటాన్‌చెరు. 300 ఊళ్లోకి రాకుండా మెహదీపట్నం నుంచి ఆరాంఘర్, ఎల్బీనగర్ మీదుగా ఉప్పల్ చుట్టేస్తుంది.

రూట్లన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదు. బస్సులు మారే చోట్లు తెలిస్తే చాలు: సికింద్రాబాద్, కోఠి, మెహదీపట్నం, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, ఉప్పల్, కూకట్‌పల్లి. నేరుగా బస్సు లేకపోతే వీటిలో ఒక దాని దాకా వెళ్లి అక్కడ మారాలి. నేరుగా వచ్చే ఒక్క బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఈలోపు రెండు బస్సులు మారి చేరిపోవచ్చు.

ముందు తలుపు ఆడవాళ్లది, వెనక తలుపు మగవాళ్లది. బోర్డు చదివేలోపే బస్సు కదిలిపోతుంది కాబట్టి తలుపు దగ్గరున్న వాళ్లని అడిగేయండి. ‘అన్నా, కొండాపూర్ పోతదా?’ అంటే చాలు. ‘పోదు, ఎనక వస్తది’ అని ఒక్క మాటలో చెప్పేస్తారు. స్టాపు పేరు కూడా జనం పిలిచేదే చెప్పాలి. ‘యూనివర్సిటీ మెయిన్ ఎంట్రన్స్’ అంటే కండక్టర్ రెండుసార్లు అడుగుతాడు, ‘హెచ్‌సీయూ గేట్’ అంటే టికెట్ కొట్టేస్తాడు. ఫోన్‌పే చాలా బస్సుల్లో నడుస్తోంది గానీ కిక్కిరిసిన బస్సులో సిగ్నల్ అందక పేమెంట్ తిరుగుతూ ఉంటే కండక్టర్ ముఖం చూడలేం. పది, ఇరవై నోట్లు కాసిని జేబులో ఉండాలి. ఐదువందల నోటు తీస్తే టికెట్ వెనక బాకీ రాసిస్తాడు. దిగేటప్పుడు అది అడిగి తీసుకోవడం మీ బాధ్యత.

బస్సు ఎక్కడుందో చూడ్డానికి ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్ ఉంది. పూర్తిగా నమ్మకండి, పక్కన పెట్టేయనూ వద్దు.

పాస్, జీరో టికెట్

స్టూడెంట్ పాస్ కావాలంటే ముందు ఆర్టీసీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపాలి. మీ కాలేజీ పేరు అక్కడి జాబితాలో ఉండాలి, కాలేజీ వాళ్లు మీ దరఖాస్తుని ఆన్‌లైన్‌లో ఆమోదించాలి. ఆలస్యమయ్యేది ఈ రెండో మెట్టు దగ్గరే. దరఖాస్తు పెట్టి ఊరుకోకుండా కాలేజీ ఆఫీసులో పాస్‌లు చూసే క్లర్క్ ఎవరో కనుక్కుని, దరఖాస్తు నంబర్ కాగితం మీద రాసిచ్చి గుర్తుచేయండి. ఆమోదం వచ్చాక ఆధార్, ఫొటో, బోనఫైడ్ లేదా ఫీజు రసీదు పట్టుకుని పాస్ కౌంటర్‌కి వెళ్లాలి. కోఠి, సికింద్రాబాద్ రేతిఫైల్, మెహదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల కౌంటర్లు ఉన్నాయి. ఐడీ కార్డు ఏడాదికోసారి, టికెట్ రెన్యువల్ నెలనెలా. నెల మొదటి రెండు మూడు రోజుల్లో వెళితే క్యూ రోడ్డు దాకా ఉంటుంది. కాస్త ముందే చేయించుకోండి.

పాస్ తీసుకునే ముందు మీ స్టాపులో ఓ అరగంట నిలబడి, వచ్చే బస్సుల్లో ఆర్డినరీలెన్ని, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లెన్ని అని చూడండి. స్టూడెంట్ పాస్ ఉన్నది ప్రధానంగా ఆర్డినరీల కోసం. మీ రూట్లో అవి గంటకొకటి వస్తుంటే చేతిలో పాస్ ఉండి కూడా రోజూ ఎక్స్‌ప్రెస్ టికెట్ కొనుక్కుంటారు. పై క్లాసు బస్సు ఎక్కితే ఎంత కట్టాలో కౌంటర్ దగ్గరే అడిగి తెలుసుకోండి.

అమ్మాయిలకి లెక్క వేరు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. డీలక్స్‌లో చెల్లదు. ఉచితమే అయినా కండక్టర్ దగ్గర జీరో టికెట్ (సున్నా ఛార్జీ టికెట్) తీసుకోవాల్సిందే. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే చాలామంది కండక్టర్లు ఒప్పుకోరు. ఒంగోలు నుంచో రాజమండ్రి నుంచో వచ్చిన అమ్మాయి ఆధార్‌లో ఆంధ్ర అడ్రస్ ఉంటుంది కాబట్టి ఆమె టికెట్ కొనాలి, లేదా పాస్ తీసుకోవాలి. ఆధార్ మార్చేసుకుంటే పోలా అని సీనియర్లు సలహా ఇస్తారు. నన్నడిగితే తొందరపడొద్దు. ఆంధ్రలోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటిదే స్త్రీశక్తి పథకం ఉంది. ఇక్కడి అడ్రస్‌కి మారితే సెలవులకి వెళ్లినప్పుడు అక్కడ టికెట్ కొనాలి. స్కాలర్‌షిప్ కాగితాలకీ ఆధార్ అడ్రస్‌కీ పొంతన లేకపోతే వచ్చే తలనొప్పి బస్సు ఛార్జీకన్నా పెద్దది.

మెట్రో

పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు ప్రాంతం దాకా నడుస్తుంది. 2025 మేలో ఛార్జీలు పెంచారు, ఆ తర్వాత కొంత తగ్గించి కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలు చేశారు. టికెట్ వాట్సాప్‌లోనే తీసుకోవచ్చు. క్యూఆర్ కోడ్‌ని గేటు ముందుకొచ్చాక వెతుక్కుంటే వెనక లైనంతా ఆగిపోతుంది, మెట్లెక్కేటప్పుడే తెరిచి పెట్టుకోండి. రోజూ తిరిగేవాళ్లకి కార్డే హాయి. విద్యార్థులకి ఆఫర్లు వస్తూ పోతూ ఉంటాయి. సెమిస్టర్ మొదట్లో ఓసారి స్టేషన్ కౌంటర్‌లో అడగండి.

అమీర్‌పేటలో లైన్ మారాలంటే గేటు దాటి బయటికి రావాల్సిన పని లేదు, కొత్త టికెట్టూ అక్కర్లేదు. ప్లాట్‌ఫాం ఇంకో అంతస్తులో ఉంటుంది, బోర్డు మీద లైను రంగు, చివరి స్టేషన్ పేరు చూసుకుంటూ వెళ్లండి. తార్నాక వెళ్లాల్సినవాళ్లు నాగోల్ బోర్డు చూడాలి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా రాయదుర్గం వైపు నుంచి వచ్చే రైళ్లు ఐటీ ఉద్యోగులతో కిక్కిరిసి ఉంటాయి. ఉన్నవి మూడే బోగీలు. ల్యాప్‌టాప్ బ్యాగు వీపున ఉంటే ముందుకు వేసుకోండి, లేదంటే దిగాల్సిన చోట బ్యాగు లోపలే ఇరుక్కుంటుంది. మొదటి బోగీలో కొంత భాగం ఆడవాళ్లకి.

గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ అంటూ తిరిగేవాళ్లకి గ్రీన్ లైన్ చక్కగా పనికొస్తుంది. మిగతా రెండింటి రద్దీ ఇందులో ఉండదు. చార్మినార్‌కి మాత్రం ఇంకా మెట్రో లేదు. ఎంజీబీఎస్‌లో దిగి బస్సో ఆటోనో ఎక్కాలి.

ఎంఎంటీఎస్ అనే చవక రైలు

2003లో మొదలైన ఈ లోకల్ రైళ్లని కొత్త స్టూడెంట్లు పట్టించుకోరు. లింగంపల్లి, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బేగంపేట, సికింద్రాబాద్, సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, విద్యానగర్, కాచిగూడ, ఫలక్‌నుమా ఒకే దారిలో వస్తాయి. లింగంపల్లిలో ఉండి ఉస్మానియాలో చదివేవాళ్లకి ఇంతకన్నా చవకైన దారి లేదు. ఒక సమోసా, చాయ్ డబ్బుల్లో వెళ్లిపోవచ్చు. నెలవారీ సీజన్ టికెట్ తీసుకుంటే ఇంకా తక్కువ. విద్యార్థి రాయితీకి కాలేజీ నుంచి ఫారం రాయించుకోవాలి.

ఇబ్బందల్లా టైమింగ్‌తోనే. రైలు ఒకటి తప్పితే తర్వాతది ఎప్పటికో. ఆదివారాల్లో, ట్రాక్ పనులున్నప్పుడు రద్దవుతుంటాయి. కాబట్టి మీకు పనికొచ్చే రెండు రైళ్ల టైములు గుర్తుపెట్టుకుని, బయల్దేరే ముందు యాప్‌లో రైలు ఎక్కడుందో చూసుకోండి. ఇంటర్నల్స్ ఉన్న రోజు మాత్రం దీని మీద ఆధారపడొద్దు.

చివరి మూడు కిలోమీటర్లు

డబ్బు కారిపోయేది ఇక్కడేనని మొదట్లోనే చెప్పాను. ముందు నడిచి చూడండి. ఫుట్‌పాత్ సంగతి తెలిసిందే, ఉన్నచోట బండ్లుంటాయి, లేనిచోట గోతులుంటాయి. అయినా కిలోమీటరున్నర లోపు దూరానికి ఆటో దండగ.

తర్వాత షేర్ ఆటో. స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుపడే ఆటోలు ఒంటరి బేరానికి నిలబడ్డవి. షేర్ ఆటోలు కాస్త ముందుకు, కూడలి మలుపు దగ్గరుంటాయి. ‘కొత్తగూడ, కొత్తగూడ’ అని అరుస్తూ జనం నిండేదాకా కదలవు. ఎక్కేముందు ‘షేరింగేనా, ఎంత?’ అని రెండూ అడగండి. షేరింగ్ అనుకుని ఎక్కిన ఖాళీ ఆటో దిగేటప్పుడు ఫుల్ ఆటో అయిపోయిన కథలు ప్రతి హాస్టల్లో వినిపిస్తాయి. డ్రైవర్ పక్కన కడ్డీ మీద కూర్చోమంటారు, ఒద్దనండి. ఇంకోటి వస్తుంది.

మీటరు వేసే ఆటో అరుదు. బేరం ఆడేముందు క్యాబ్ యాప్‌లో ధర చూసి, దాని ఆధారంగా అడగండి. ఒక్కరే అయితే బైక్ ట్యాక్సీ చవక, ముగ్గురైతే ఆటోనే చవక. బైక్ ఎక్కితే వెనక కూర్చున్నా హెల్మెట్ తప్పనిసరి. డ్రైవర్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. పికప్ పాయింట్‌ని స్టేషన్ గేటు ముందు కాకుండా వంద అడుగుల అవతల, బండి ఆపడానికి వీలున్న చోట పెట్టండి. డ్రైవర్ ఫోన్ చేసి ‘లొకేషన్‌కి రండి, క్యాన్సిల్ చేయండి, క్యాష్ ఇవ్వండి’ అనే గొడవ సగం తగ్గుతుంది. క్యాన్సిల్ చేసి బయట డబ్బులిమ్మంటే ఒప్పుకోకండి. అప్పుడు ఆ ప్రయాణం యాప్‌లో ఎక్కడా నమోదు కాదు.

సొంత బండి కొనమని ఇంట్లో పోరు పెట్టేవాళ్లకి ఒక్క మాట. మొదటి సెమిస్టర్ బస్సుల్లో తిరగండి. ఏ రోడ్డు ఎటు పోతుందో, ఏ ఫ్లైఓవర్ ఎక్కకూడదో తెలిశాక బండి తెచ్చుకుంటే మీకూ మంచిది, రోడ్డుకీ మంచిది. లైసెన్స్ లేకుండా ఫ్రెండ్ బండి తీస్తే చలాన్ వాడికి పోతుంది, స్నేహం మీకు పోతుంది.

రాత్రి పూట

పది దాటితే బస్సులు పలచబడతాయి. మెట్రో చివరి రైలు మీ స్టేషన్ నుంచి ఎప్పుడో చూసుకోండి. అమీర్‌పేటలో లైన్ మారాలంటే రెండో లైను చివరి రైలు టైమూ చూడాలి. అది పోతే నడి ఊళ్లో మిగిలిపోతారు.

క్యాబ్‌లో ఒంటరిగా వెళ్తుంటే ట్రిప్ వివరాలు రూమ్మేట్‌కి షేర్ చేయండి, నంబర్ ప్లేట్ సరిచూసుకున్నాకే ఎక్కండి. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవలో మీ ప్రయాణాన్ని వాళ్లు గమనిస్తూ ఉంటారు. యాప్ ముందే ఫోన్‌లో వేసుకుని ఓసారి వాడి చూడండి. బస్సులోనో స్టాపులోనో ఎవరైనా ఇబ్బంది పెడితే కండక్టర్‌కి గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పండి. అవసరమైతే 100కో 112కో ఫోన్ చేయండి. ఆడవాళ్లని వేధించేవాళ్ల సంగతి చూసే పోలీసు షీ టీమ్స్ 2014 నుంచి ఈ పని మీదే ఉన్నాయి.

వానొస్తే, గణపతి వస్తే

సాయంత్రం ఐదింటికి గట్టి వాన పడిందంటే ఆ రోజు లెక్కలన్నీ తారుమారే. ఖైరతాబాద్, పంజాగుట్ట వైపు నీళ్లు నిలుస్తాయి, యాప్‌లో ధర రెట్టింపవుతుంది, వచ్చిన బండీ క్యాన్సిలవుతుంది. లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో గంటన్నర కూర్చోవడమే తెలివైన పని. తప్పదంటే ఎలాగోలా మెట్రో స్టేషన్ దాకా చేరండి.

గణేశ్ నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా ఊరేగింపు సాగే రోడ్లన్నీ మూసేస్తారు. ఆ రోజు అటు బస్సు అనే ఆలోచనే వద్దు. మెట్రో ఉంటుంది గానీ ఖైరతాబాద్ స్టేషన్‌లో కాలు పెట్టే చోటుండదు, చూడ్డానికి వెళ్లేవాళ్లు ఒక స్టేషన్ ముందో వెనకో దిగి నడవండి. జనవరి 1 నుంచి నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) జరిగే రోజుల్లో సాయంత్రాలు నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లదీ ఇదే పరిస్థితి.

ఊరెళ్లేటప్పుడు

రైలు టికెట్ తీయగానే స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, బేగంపేటతో పాటు 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలైంది. చాలా రైళ్లు ఇప్పుడు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి. చర్లపల్లికి మెట్రో లేదు. కూకట్‌పల్లి నుంచి పెట్టె పట్టుకుని వెళ్లాలంటే మెట్రోలో తార్నాకో హబ్సిగూడో చేరి, అక్కడి నుంచి ఆటో చూసుకోవాలి. మామూలుగా పెట్టుకునే టైమ్‌కి ఇంకో గంట కలుపుకోండి. విమానమైతే ఆర్టీసీ పుష్పక్ బస్సు క్యాబ్ ధరలో సగం కూడా కాదు. రాత్రీ పగలూ తిరుగుతుంది.

బస్సులో విజయవాడ వైపు వెళ్లేవాళ్లు సంక్రాంతికి ముందు ఎంజీబీఎస్ లోపలికి పోనే వద్దు. ఆ బస్సులు ఎలాగూ ఎల్బీనగర్ మీదుగానే ఊరు దాటాలి. టికెట్ బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ పాయింట్ ఎల్బీనగర్ అని పెట్టుకుని, రెడ్ లైన్ మెట్రోలో చివరి స్టేషన్ దాకా వెళ్లి దిగండి. మీరు ఎక్కాల్సిన బస్సు అప్పటికింకా మలక్‌పేట ట్రాఫిక్‌లోనే ఉంటుంది. కరీంనగర్ వైపు వాళ్లకి జేబీఎస్, వరంగల్ వైపు వాళ్లకి ఉప్పల్. రెండింటికీ మెట్రో ఉంది. పండగ రోజుల్లో స్టేషన్‌లో లగేజ్ స్కానింగ్ క్యూ పొడుగ్గా ఉంటుంది, పచ్చడి జాడీ ఖాళీదైనా తీసి చూపించమంటారు, చేతికందేలా పైన పెట్టుకోండి.